రన్‌వేకి సంవత్సరం ఉంటుంది

మా హాస్టల్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి ఉన్నవాళ్ళం ముగ్గురం. మా మధ్య తెగని పంచాయితీ ఒకటుంది. మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ సీనరీ దింపుకునే ముందు అది ఏ సంవత్సరం నాటిదో చూడాలని నేనంటాను. "రన్‌వే రన్‌వేనే కదరా, ఎక్కామా దిగామా అన్నదే లెక్క" అంటాడు మా రూమ్మేట్. మెస్‌లో వాడితో వాదించి గెలవడం నా వల్ల కాదు. పెరుగన్నం అయిపోగానే లేచి వెళ్ళిపోతాడు. అందుకే ఈసారి రాసి చూపిస్తున్నా.

ముందు ఈ లోకం తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సిమ్యులేటర్‌తో పాటే ప్రపంచంలోని వేల ఎయిర్‌పోర్టులు వస్తాయి. కానీ అన్నీ ఒకేలా ఉండవు. పేరున్న సివిల్ ఎయిర్‌పోర్టులు కొన్నింటిని శ్రద్ధగా చేసి ఇస్తారు. చాలా మిలిటరీ ఎయిర్‌ఫీల్డులకి మాత్రం ఒక రన్‌వే, పక్కన అగ్గిపెట్టెల్లాంటి నాలుగు బిల్డింగులు, అంతే. మూతపడినవైతే అసలు లేకపోవచ్చు కూడా. ఆ ఖాళీని అభిమానులు నింపుతారు. పాత ఫోటోలు, మ్యాపులు ముందేసుకుని హ్యాంగర్లు, కంట్రోల్ టవర్, ట్యాక్సీవేలు ఒక్కొక్కటే తయారుచేసి జిప్ ఫైల్‌గా పెడతారు. చాలామంది ఫ్రీగానే ఇస్తారు. ఇదే యాడ్-ఆన్ సీనరీ. దాన్ని దింపి, విప్పి, ఎక్స్‌ప్లేన్ అయితే 'కస్టమ్ సీనరీ' ఫోల్డర్లో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయితే 'కమ్యూనిటీ' ఫోల్డర్లో వేసి, సిమ్యులేటర్‌ని మళ్ళీ స్టార్ట్ చేయాలి. పైకి చూస్తే ఇన్‌స్టాల్ అంటే ఇంతే.

అసలు తిరకాసు ఇక్కడుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళం కాబట్టి మనకి ఒక అలవాటు: కొత్త వెర్షన్ వచ్చిందంటే పాతది తీసిపారేస్తాం. సివిల్ ఎయిర్‌పోర్టుకి ఆ లెక్క సరిపోతుంది. ఇవాళ్టి విమానంలో ఇవాళ్టి శంషాబాద్‌లో దిగాలంటే ఇవాళ్టి టెర్మినలే కావాలి. మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ అలా కాదు. అక్కడికి మనం చాలాసార్లు వెళ్ళేదే ఒక కాలం కోసం. అక్కడ సంవత్సరం వెర్షన్ నంబర్ లాంటిది కాదు, అడ్రస్‌లో భాగం.

ఒక్క ఉదాహరణ చెప్తా. ఇంగ్లాండ్‌లో లింకన్ ఊరికి ఉత్తరాన స్కాంప్టన్ అని ఒక ఎయిర్‌ఫీల్డ్ ఉంది. 1943 మే 16 రాత్రి రాయల్ ఎయిర్ ఫోర్స్ 617 స్క్వాడ్రన్‌కి చెందిన 19 లాంకాస్టర్ బాంబర్లు జర్మనీలోని డ్యాములు పగలగొట్టడానికి ఇక్కడి నుంచే లేచాయి. 8 తిరిగి రాలేదు. వెళ్ళిన 133 మందిలో 53 మంది చనిపోయారు. అవతల, తెగిన డ్యాముల కింద వరదలో వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది జర్మన్లు కూడా కాదు, వేరే దేశాల నుంచి పట్టుకొచ్చి బలవంతంగా పని చేయిస్తున్నవాళ్ళు.

ఆ రాత్రి స్కాంప్టన్‌లో కాంక్రీట్ రన్‌వే లేదు. మొత్తం గడ్డి నేల. మొదటి దళంలోని విమానాలు మూడేసి చొప్పున కలిసి లేచాయి. లాంకాస్టర్ రెక్కల వెడల్పు 31 మీటర్లు. విశాలమైన గడ్డి మైదానం కాబట్టే మూడు కలిసి పరిగెత్తడం కుదిరింది.

కాంక్రీట్ ఆ తర్వాత, యుద్ధం ఇంకా నడుస్తుండగానే వచ్చింది. 1950లలో వల్కన్ అనే జెట్ బాంబర్ కోసం రన్‌వేని దాదాపు 2,700 మీటర్లకి పెంచారు. దానికి రోమన్ల కాలం నుంచి బాణంలా తిన్నగా పోతున్న ఒక రోడ్డు అడ్డొచ్చింది. ఇప్పుడు దాని పేరు ఏ15. ఆ రోడ్డుని విల్లులా వంచి రన్‌వే చివర చుట్టూ తిప్పేశారు. పై నుంచి చూస్తే ఆ వంపు ఈ రోజుకీ కనిపిస్తుంది. తర్వాత చాలా ఏళ్ళు రెడ్ యారోస్ అనే విన్యాసాల బృందానికి అదే ఇల్లు. 2022లో వాళ్ళు వాడింగ్టన్‌కి మారిపోయారు. మరుసటి ఏడాది స్కాంప్టన్‌ని మూసేశారు.

అంటే పేరు ఒకటే, చోటు ఒకటే, ఎయిర్‌ఫీల్డులు మాత్రం కనీసం మూడు. "రన్‌వే రన్‌వేనే" అనేవాడు చివరి నాటి సీనరీలో లాంకాస్టర్‌ని నిలబెట్టి 1943 దాడి ఆడేస్తాడు. విమానం లేస్తుంది, స్క్రీన్‌షాట్ కూడా అదిరిపోతుంది. కానీ మూడు విమానాలు కలిసి ఎలా లేచాయో ఆ కాంక్రీట్ మీద ఎప్పటికీ అర్థం కాదు. బాంబు మోస్తున్న బరువైన విమానం, చీకటి పడే వేళ, గీసిన సెంటర్‌లైన్ లేని గడ్డి మీద కుదుపులతో పోతుంటే లోపల ఉన్న ఏడుగురికి ఎలా ఉండి ఉంటుందో ఊహకి కూడా రాదు. చరిత్ర పుస్తకంలో ఇలాంటి తప్పు పడితే మనం ఊరుకోం. సీనరీలో పడితే "గేమే కదా" అంటాం. నాకు నచ్చనిది అదే. మనలో చాలామంది ఆ రాత్రి గురించి పుస్తకం చదవరు, ఆ గేమే ఆడతారు. వాళ్ళ బుర్రలో మిగిలేది ఆ కాంక్రీటే.

సంవత్సరం సంగతి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ఎదురొస్తుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో నేల మీద పరిచేది బింగ్ మ్యాప్స్ ఫోటోలు, అంటే ఈ కాలం నేల. 1943 యాడ్-ఆన్ చేసినవాళ్ళు ఆ కాంక్రీట్ మీద మళ్ళీ గడ్డి కప్పాలి. ఎక్స్‌ప్లేన్‌లో రోడ్లు ఈనాటి మ్యాపుల నుంచి వస్తాయి. రోడ్డు వంపు కనబడకూడదంటే, ఇక్కడ రోడ్లు గీయొద్దని చెప్పే ఎక్స్‌క్లూజన్ జోన్ పెట్టాలి. సీనరీ చేసినవాళ్ళ పనిలో సగం ఇలా చెరిపేయడమే. అది మన కంటికి కనబడదు, అందుకే విలువ తెలియదు.

కాబట్టి ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి నా వైపు నుంచి మూడు మాటలు.

ఒకటి, రీడ్‌మీ చదవండి. సీనరీ ఏ కాలానిదో, ఇంకే లైబ్రరీలు కావాలో అందులోనే ఉంటుంది. ఎక్స్‌ప్లేన్‌లో ఏదైనా లైబ్రరీ లేకపోతే సీనరీ లోడ్ అవడంలో సమస్య వచ్చిందని మెసేజ్ వస్తుంది. అప్పుడు యాడ్-ఆన్ చేసినాయన్ని తిట్టకుండా లాగ్ ఫైల్ తెరిస్తే ఏది దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది.

రెండు, ఒకే ఎయిర్‌ఫీల్డ్‌కి రెండు కాలాల సీనరీలు ఒకేసారి ఆన్‌లో పెట్టొద్దు. ఎక్స్‌ప్లేన్‌లో 'సీనరీ ప్యాక్స్' అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. అందులో పైన ఉన్నదానిదే పైచేయి. కానీ కిందున్నదాని బిల్డింగులు కూడా వచ్చి చేరొచ్చు. అప్పుడు గడ్డి మీద వల్కన్ కాలం షెడ్లు మొలుస్తాయి. ఆ రోజుకి అక్కర్లేనిదాన్ని ఆ ఫైల్‌లోనే 'డిజేబుల్డ్' అని మార్చుకోండి. డిలీట్ చేయక్కర్లేదు.

మూడు, ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే ఫోల్డర్ కాపీ కొట్టి డ్రైవ్‌లో పెట్టకండి, అసలు పేజీ లింక్ పంపండి. ఫ్రీగా ఇచ్చినంత మాత్రాన ఎవరైనా పంచిపెట్టొచ్చని కాదు. ఆ చేతులు మారడంలో ముందు పోయేది రీడ్‌మీ. దాంతోపాటే చేసినవాళ్ళ పేరు, సంవత్సరం రెండూ పోతాయి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. అసలు మిలిటరీ స్థలాల్ని ఇంత వివరంగా చేసి పెట్టొచ్చా? వైజాగ్ విమానంలో వెళ్ళినవాళ్ళకి తెలుసు, అది నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగా, అక్కడ ఫోటోలు తీయకూడదు. 2025 మేలో డీజీసీఏ అయితే పశ్చిమ సరిహద్దు దగ్గరి రక్షణ విమానాశ్రయాల్లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 10,000 అడుగుల లోపు కిటికీల షేడ్లు దించి ఉంచాలని చెప్పింది. బయట కిటికీ మూసి, ఇంట్లో లాప్‌టాప్‌లో తెరుచుకోవడం ఏం సబబు అని అడిగితే తీసిపారేయలేం.

నా అభిప్రాయం ఇది. ఇప్పుడు పనిచేస్తున్న మన బేస్‌లకి సిమ్యులేటర్‌తో వచ్చిన అగ్గిపెట్టెలే చాలు. షెల్టర్ ఎక్కడుంది, ట్యాంకు ఎక్కడుంది అని మనం వెతికి గీయాల్సిన అవసరం లేదు. గొప్ప కోసం అలాంటిది చేసి పెట్టడం తెలివి కాదు. 'సంవత్సరం ఉండాలి' అన్న నా మాట ఇక్కడ కూడా పనికొస్తుంది. సంవత్సరం వెనక్కి వెళ్ళేకొద్దీ రహస్యం తగ్గుతుంది, మర్చిపోవడం పెరుగుతుంది. దాచాల్సినవి వేరు, కాపాడాల్సినవి వేరు.

కాపాడాల్సినవి మనకీ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ప్రకాశం ప్రాంతంలోని దొనకొండలో విమానాశ్రయం కట్టారు. తాడేపల్లిగూడెంలో కూడా అప్పటి రన్‌వే ఉంది. ఇంగ్లాండ్ పల్లెటూళ్ళ ఎయిర్‌ఫీల్డుల పేర్లు గడగడా చెప్పే నాలాంటి ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఈ రెండూ తెలిసినవాళ్ళు ఎంతమంది? స్కాంప్టన్‌కి పుస్తకాలున్నాయి, సినిమా ఉంది. దొనకొండకి ఉన్నది ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ మాటలు. వాళ్ళు ఉన్నప్పుడే వెళ్ళి అడగాలి.

సీనరీ తయారుచేసే వరల్డ్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుతుంది. మన దగ్గర కోడ్ రాసేవాళ్ళున్నారు, త్రీడీ మోడల్స్ చేసేవాళ్ళున్నారు, ఈ క్లబ్‌లో తెలుగు రాసేవాళ్ళున్నారు. వచ్చే సెలవుల్లో ఎవరైనా కలిసొస్తే దొనకొండతో మొదలుపెడదాం. రీడ్‌మీ తెలుగులో రాద్దాం. మొదటి లైన్‌లో ఊరి పేరు, పక్కనే సంవత్సరం.