మందు కొట్టే ముందు ముక్క పంపుదాం

ఆత్మకూరు మండల రైతులకు, పట్టణ ప్రజలకు విజ్ఞప్తి

2021లో వానలు వెనకబట్టేసరికి తెలంగాణ అంతటా వేప చెట్లు మంట తగిలినట్టు మాడిపోయినయి. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కొమ్మలు పరీక్షించి అసలు సంగతి బయటపెట్టారు. ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం (బూజు), దానికి తోడు టీ దోమ. దోమ లేత చిగురును గుచ్చి రసం పీలుస్తుంది, ఆ గాయం మీద బూజు పడుతుంది. ఆ బూజును మైక్రోస్కోపు కింద చూస్తే రెండు రకాల బీజాలు కనిపిస్తాయి. ఒకటి గింజ లాగా, ఇంకోటి వంకీ తిరిగిన దారం లాగా. వాటిని బట్టి గుర్తు పడతారు.

పురుగుమందుకు బూజు చావదు, బూజు మందుకు పురుగు చావదు. ఈ చిన్న సంగతి పట్టించుకోక నేనూ నష్టపోయాను. మామిడి చెట్టు కొమ్మలు ఎండుతున్నాయని ఒక షాపుకు పోయి "మామిడికి మందియ్యండి" అన్నాను. ఏ తెగులని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు సీసాలు కొట్టాను. చెట్టు పోయింది. నరికినంక చూస్తే బెరడు మీద గుండుసూది మొనంత రంధ్రాలు, చెట్టు మొదట్లో సన్నటి చెక్కపొట్టు, అక్కడక్కడ బంక.

ఆ రంధ్రాలు బెరడు తొలిచే పురుగులవి. ఈ పురుగుల్లో కొన్ని చెక్కను తిననే తినవు. సొరంగం తవ్వి, వెంట తెచ్చిన బూజును లోపల పెంచుకుని దాన్ని తింటాయి. మనలాగే సాగు! పురుగు లోపలుంటే పైన కొట్టిన మందు దానికి చేరదు. మామిడిని, దానిమ్మను ఎండబెట్టే సెరటోసిస్టిస్ బూజుకూ బెరడు తొలిచే పురుగులతో పొత్తుంది. ఒమన్, పాకిస్తాన్ మామిడి తోటల్లో ఈ జంట చేసిన నష్టం తక్కువది కాదు. ఈ బూజును పట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. జబ్బు చెక్క ముక్కను రెండు క్యారెట్ బిళ్లల మధ్య తడిగా ఉంచితే, కొద్ది రోజుల్లో పొడుగు మెడల నల్లటి కుండల్లాంటివి మొలుస్తాయి.

అసలు కారణం తెలియక తడబడింది మనమే కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో యూరప్‌లో ఎల్మ్ చెట్లు వరసబెట్టి ఎండితే, యుద్ధంలో వాడిన విషవాయువే కారణమన్నవాళ్లూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో బీ ష్వార్జ్ అనే యువ శాస్త్రవేత్త 1922లో అది శిలీంధ్రమని రాస్తే చాలామంది ఒప్పుకోలేదు. 1927లో క్రిస్టీన్ బూయిస్‌మన్ మళ్లీ రుజువు చేసింది. దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది బెరడు పురుగులని ఆ తర్వాత తేలింది. అప్పుడు గాని జబ్బు చెట్టును పురుగు బయటికి రాకముందే కొట్టి కాల్చాలన్న దారి దొరకలేదు.

మనకు దారి దగ్గర్లోనే ఉంది. పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం, మోజర్లలో ఉద్యాన కళాశాల. లేనిదల్లా పొలం నుంచి ముక్క అక్కడికి పోయే ఏర్పాటు. 2020లో కట్టిన రైతు వేదికలు మీటింగులకే పరిమితం కావద్దు. ప్రతి వేదికలో వారానికి ఒక రోజు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) ఎండుతున్న కొమ్మల నమూనాలు తీసుకుని పంపాలి. వచ్చిన ఫలితాన్ని అందరూ చదివేలా బోర్డు మీద రాయాలి. ఒక రైతుకు వచ్చిన జవాబు పక్క రైతు డబ్బును కాపాడుతుంది. పట్టణంలోని వేప చెట్ల బాధ్యత మున్సిపాలిటీ తీసుకోవాలి. జబ్బు వేప చెట్ల గింజలతో మొక్కలు పెంచొద్దు, ఫోమోప్సిస్ బూజు గింజలో కూడా ప్రయాణం చేస్తుంది.

ముక్క తీసేటప్పుడు పూర్తిగా ఎండిన కొమ్మ తేవద్దు. అందులో చచ్చిన చెక్క మీద బతికే బూజులే దొరుకుతాయి. పచ్చి, ఎండు కలిసే చోట జానెడు కోసి, పొడి కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి కుళ్లుతుంది. పురుగు దొరికితే చిన్న సీసాలో స్పిరిట్ పోసి వేయండి. ఊరు పేరు, తేదీ, ఆ చెట్టుకు అప్పటికే కొట్టిన మందు పేరు చీటీ మీద రాయండి.

రైతు వేదికల్లో నమూనాలు తీసుకోవాలన్న కోరికతో రాసిన వినతిపత్రం మండల వ్యవసాయ అధికారికి ఇవ్వబోతున్నాం. సంతకం చేయండి. చేసేటప్పుడు ఎండుతున్న కొమ్మ ముక్క ఒకటి కూడా వెంట తీసుకురండి.

ఇట్లు
ఒక మామిడి రైతు, ఆత్మకూరు