వల్లెవేత చదువు గాదు

మొన్న మా బడికి క్రొత్తగా వచ్చిన ఆఱేండ్ల బాలుడొకడు అకారము మొదలు క్షకారము వఱకు వర్ణమాలనంతయు ఒక్క గుక్కలో ఒప్పగించెను. వెంటవచ్చిన తండ్రి మీసము దువ్వుకొనెను. నేను నల్లబల్లపై 'డ' యని వ్రాసి, ఇదేమని యడిగితిని. బాలుడు కన్నులు మూసికొని అకారమునుండి మరల మొదలుపెట్టెను. నోట 'డ' వచ్చినది, దాటిపోయినది; కంటికి మాత్రము చిక్కలేదు. వానికి వచ్చినది పాట.

ఈ తప్పు బాలునిది గాదు, ఇంటిపెద్దలది. అక్షరాభ్యాసమైన మఱునాటినుండియే ఏ తెలుగుమాటలోను కానరాని ఌ, ౡలను పసివాని నెత్తిన రుద్దుచున్నారు. నేనును సంస్కృతము చదివినవాడనే. ఉచ్చారణస్థానములనుబట్టి వర్గములను కూర్చిన ప్రాచీనుల నేర్పునకు చేతులెత్తి మ్రొక్కుదును. కాని యది వైయాకరణుల మేడ. పాలపండ్లవానికి నిచ్చెన గాదు.

మఱికొందఱు మూడవయేటనే ఇంగ్లీషు అక్షరములు పట్టించుచున్నారు. అచ్చట 'సీ, ఏ, టీ' యని మూడు పేర్లు చెప్పి 'క్యాట్' అని చదువవలెను! మన 'క' తన ధ్వనినే పేరుగా ధరించినది. ఇంతకంటె సుగమమైన దారి యేది?

క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనము మన కడప జిల్లాలోనిదని సభలలో ఱొమ్ము విఱుచుకొందుము. ఆ జిల్లా పేరునే పిల్లవానిచేత చదివింపరాదా? కడప: మూడక్షరములు, గుణింతము లేదు, ఒత్తు లేదు. 'మ' యొక్కటి చేర్పుడు: మడక, పడక, మడమ, కడమ. సేద్యగాని యింట మడక నెఱుగని బిడ్డ యుండడు. పిమ్మట గ, త, ల, ర వచ్చిన తల, పలక, గరక, తలగడ. ఆవల గుణింతముతో రాయి, రాగి, బావి. ఒత్తుతో కొఱ్ఱ, జొన్న. (కర్నూలువారు తమ యూరిపేరు చదువుటకు కొంత ఓపిక పట్టవలెను.)

వర్ణక్రమము రానిచో నిఘంటువు చూచుటెట్లని ఒక మిత్రుడు ఆక్షేపించెను. ఆఱేండ్లవాడు శబ్దరత్నాకరము తిరుగవేయునా? ఆ యీడు వచ్చునప్పటికి ఆ క్రమము వారము దినములలో పట్టుబడును.

2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాయందు ఏడేండ్లు నిండిన స్త్రీలలో అక్షరాస్యులు సగముమందియే. ౡకారము నెదుట కూర్చున్న తల్లి 'నా వల్ల గాదు' అని పలక దించక యేమి చేయును? మా పొరుగింటి అవ్వ మనుమని ప్రక్కన చతికిలబడి, వ్రేలితో తడవుచు 'ప...ల...క' యని కూడబలుకుకొని, చేతిలోని పలకవంకయు దానిపై మాటవంకయు మార్చి మార్చి చూచెను.