ప్రాణం దక్కితే చాలా?

మొన్న బద్వేలు బస్టాండులో ఒక పెద్దమనిషి, యాక్సిడెంటులో తలకు దెబ్బ తగిలిన కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్న తల్లితో అన్నాడు: "కాళ్లూ చేతులూ బాగుండాయి, పానం దక్కింది. ఇంగేం గావల్లమ్మా నీకు?" ఆమె తలొంచుకుంది. నాకు ఒళ్లు మండింది.

ఊరంతా ఇదే మాట. పలకరింపుకొచ్చి, అరటిపండ్లు చేతిలో పెట్టి, ఇదే అనేసి పోతారు. అలాంటి ఇంట్లో ఒక్క పూట ఉండి చూసినవాడికి ఆ మాట నోట రాదు. సంగటి చల్లారిందని పళ్లెం గోడకేసి కొట్టినవాడు, కాసేపటికి "నేనెప్పుడు కొడితి?" అని నిజంగానే అడుగుతాడు. తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం పెట్టమంటాడు. దీనికి ఊరు పెట్టిన పేర్లు కొవ్వు, తిక్క. నుదుటి వెనకుండే మెదడు దెబ్బతింటే కోపం మీద, మాట మీద అదుపు పోతుందని వీళ్లకెవరు చెప్పాలి? స్కాన్‌లో ఏమీ లేదన్నారంటారా? మెదడు అదిరి లోపలి సన్నని నరాల పోగులు తెగితే సీటీలో కనపడకపోవచ్చు.

అన్నిటికంటే దుర్మార్గం "పెండ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే సలహా. ఎవరి బిడ్డను తెచ్చి ఈ మంటలో వేస్తారు? ఆమెకు నిజం చెప్పి చేస్తారా? చెప్పరు. తట్టుకోలేక ఆ పిల్ల పుట్టింటికి పోయిననాడు కాపురం చేతగానిదంటారు. ముందే పెండ్లయి ఉంటే ఆ భార్యకు ఇంకో దీవెన: "తాళి నిలబడింది, అదృష్టవంతురాలివి." తను కట్టుకున్న మనిషి ఇక లేడని ఆమెకు తెలుసు. ఏడవడానికి లేదు, ఆయన ఎదురుగా కూర్చుని టీవీ చూస్తుంటాడు. పొలం ఆమే చూడాలి, అప్పు ఆమే తీర్చాలి, ఆయన కోపం నుంచి బిడ్డల్నీ ఆమే కాచుకోవాలి.

కాళ్లూ చేతులూ ఆడితే చాలనే చూపే సర్కారుదీ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. తలగాయం పేరు వాటిలో విడిగా లేదు. పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి. నడవమంటే నడుస్తాడు, చెయ్యెత్తమంటే ఎత్తుతాడు. ఇంటిదారి మరిచేవాణ్ణి ఎట్లా కొలుస్తారు?

ఇదంతా తలుచుకుంటూ, హెల్మెట్‌ను బండి హ్యాండిల్‌కు తగిలించుకుని మైదుకూరు రోడ్డు మీద పోయే కుర్రాళ్లను చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, గాయపడ్డవాళ్లు 4,43,366 మంది. ఆ రెండో అంకెలో ఎన్ని సంసారాలు కూలాయో ఎవరికి పట్టింది?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యాన పేదవాడి తలకూ ఆపరేషన్ జరుగుతోంది. ఆ తర్వాత? మాట, మతి, పని మళ్లీ నేర్పే విభాగం బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఉంది. కూలి పోగొట్టుకుని బద్వేలు నుంచి అంతదూరం ఎన్నిసార్లు తిరుగుతారు? కడపలోనైనా అలాంటిది రావాలి.

అది వచ్చేదాకా ఊరివాళ్లను ఒకటే అడుగుతున్నా. అలాంటి ఇంటికి పోతే సలహాలు చెప్పొద్దు. ఒక మధ్యాహ్నం అతని దగ్గర మీరు కూర్చుని, ఆ తల్లినో భార్యనో కాసేపు నిద్రపోనివ్వండి.