హితవు చెప్పినవారు మిత్రులే

2024 జులైలో జానెట్ ట్రంకేల్ అనే ఆమె ఈవై సంస్థకు ప్రపంచ స్థాయి అధినేత్రి అయినారు. లెక్కల తనిఖీలోను, వ్యాపార సలహాలలోను పెద్దవిగా పేరుపడిన నాలుగు సంస్థలలో దేనికైనను ఒక స్త్రీ ఆ పదవి వహించుట అదే ప్రథమం. సంతోషింపదగిన వార్తయే. అయితే పదవి దక్కిన ఒక్కరిని చూచి, ఆ మెట్ల వరుసలో ఆగిపోయినవారిని మరువరాదు.

ఇట్టి సంస్థల ఏర్పాటు కొంత వేరు. ఆడిటర్లు, న్యాయవాదులు కలసి నడుపుకొనే చోట భాగస్వాములే యజమానులు. సంవత్సరాల తరబడి పనిచేసిన ఉద్యోగులలో ఎవరిని తమ సరసన కూర్చుండబెట్టుకోవలెనో వారే కూడి నిర్ణయిస్తారు. పని లెక్కలు చూడకపోరు. కాని చివరకు తూగేది అభిప్రాయం. స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీల డైరెక్టర్లలో ఒక స్త్రీ అయినా ఉండవలెనని మన 2013 నాటి కంపెనీల చట్టం విధించినది. భాగస్వామ్య సంస్థలకు ఆ విధి వర్తించదు.

ఆ మూసిన తలుపుల వెనుక మాటలు బయటికి రావడం అరుదు. ఒక పర్యాయం కోర్టు పుణ్యమా అని వచ్చినవి. 1982లో అమెరికాలోని ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలో భాగస్వామ్యానికి 88 మంది పేర్లు వచ్చినవి. అందులో స్త్రీ ఒక్కరే, ఆన్ హాప్కిన్స్. అప్పటికి ఆ సంస్థ భాగస్వాములు 662 మంది; వారిలో స్త్రీలు 7 మంది. అమెరికా విదేశాంగ శాఖ నుండి రెండున్నర కోట్ల డాలర్ల పనిని సంపాదించుటలో హాప్కిన్స్ ముఖ్యపాత్ర వహించినారు. ఐనను ఆమె విషయం వాయిదా పడినది. మరుసటి ఏడు ఆమె పేరు ప్రతిపాదించనే లేదు.

దురుసు మనిషి అని కొందరు వ్రాసినారు. సిబ్బంది యెడ ఆమె కరకుతనాన్ని ఆమె పక్షంవారు కూడా ఒప్పుకొన్నారు. కనుక అది కల్పన అనలేము. కాని నన్ను ఆలోచింపజేసినది ఆమె హితైషి మాట. ఆమె పై అధికారి, ఆమె పేరును గట్టిగా సమర్థించినవారు, పిలిచి చెప్పినారు: మరికొంత ఆడతనంతో నడవవలెననీ, మాట్లాడవలెననీ, దుస్తులు ధరించవలెననీ, ముఖాలంకరణ చేసుకోవలెననీ, జుట్టు తీర్చుకొని నగలు పెట్టుకోవలెననీ! ఆమె నెగ్గవలెననే ఆయన కోరిక. కొలబద్ద వంకరగా ఉన్నదని ఎరిగియు, వంగవలసినది ఆమెయే అన్నారు.

దూరదేశపు ముచ్చట అని మనం నవ్వుకోనక్కరలేదు. తరగతిలో ఇద్దరు పిల్లలు గట్టిగా వాదిస్తే బాలుని చురుకైనవాడంటాము, బాలికను గయ్యాళి అంటాము. ఆ గయ్యాళి అన్న మాటను మగవానికి వాడగా మీరెవరైనా విన్నారా? ఉపాధ్యాయులు ప్రోగ్రెస్ రిపోర్టులో ఆ ఒక్క వాక్యం వ్రాసే క్షణం, భాగస్వాముల గదిలోని క్షణానికి ఏమంత దూరం?

హాప్కిన్స్ కోర్టుకెక్కినారు. 1989 మే 1న అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వచ్చినది. పనికి దూకుడు కావలెననుచు, అదే దూకుడు స్త్రీకి తగదనుట చట్టం ఒప్పదని అందులోని ప్రధానాభిప్రాయం. 1990లో దిగువ కోర్టు ఆమెను భాగస్వామిగా చేర్చుకొమ్మని ఆజ్ఞాపించినది. 1991లో ఆమె అదే సంస్థకు తిరిగి వెళ్ళి, 2002లో విశ్రాంతి తీసుకొనేదాకా పనిచేసినారు.

నేడు సంస్థలు స్త్రీలకు నాయకత్వ శిక్షణ ఇప్పిస్తున్నవి, పెద్దల సలహాలు ఏర్పాటు చేస్తున్నవి. మంచిదే. కాని ఇవి చాలవరకు ఆమెకు చెప్పే మాటలు. ఆ పాత హితవుకు మర్యాదైన రూపాలు కూడా వీటిలో లేకపోలేదు. అడగవలసినవి వేరే ఉన్నవి. పేరుతెచ్చే పెద్ద ఖాతాదారుల పని ఎవరికి అప్పగిస్తున్నారు? ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చినామెకు తన ఖాతాదారులను తిరిగి ఇస్తున్నారా? అభిప్రాయపత్రంలో దురుసు అని వ్రాసినవారిని, ఏ పనిలో, ఏనాడు, ఇదే పని చేసిన పురుషుని గురించి ఏమని వ్రాసినారని అడిగేవారు ఆ గదిలో ఒక్కరైనా ఉన్నారా?