పొరుగింటి వెలుతురు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత కట్టేవాని కష్టాన్నే లెక్కలోకి తీసుకొన్నది. ఆ ఇంటి నీడ పడే పక్కింటివాని కష్టం దాని దృష్టికి రాలేదు. గృహస్థు తన స్థలంలో మరొక గది వేసుకోవడం అతని హక్కు. ఆ గది గోడ పొరుగు కిటికీలోని వెలుతురును మింగినప్పుడు అది ఇద్దరి వ్యవహారమవుతుంది.

ఇంగ్లండులో ఈ వ్యవహారాన్ని స్థానిక కౌన్సిల్ ముందుగానే విచారిస్తుంది. ఇంటిని విస్తరించుకోవడానికి దరఖాస్తు అందగానే పొరుగువారికి లేఖ ద్వారానో, అక్కడ అంటించిన ప్రకటన ద్వారానో తెలియజేసి, అభ్యంతరాలకు 21 రోజుల గడువు ఇస్తారు. అయితే ప్రతి అభ్యంతరమూ చెల్లదు. గది చీకటవుతుందన్నా, కొత్త కిటికీ వల్ల తమ పెరటికి మరుగు పోతుందన్నా వింటారు. దూరపు కొండ కనిపించదనో, తమ ఇంటి ధర పడిపోతుందనో వ్రాస్తే పరిగణించరు. పాత పగతో వ్రాసినవాటి సంగతి చెప్పనక్కరలేదు. ఈ భేదం తెలియనివారు కౌన్సిల్ తమ మొర ఆలకించలేదని వాపోతారు.

వారి ఆవేదనలో న్యాయం బొత్తిగా లేకపోలేదు. అనుమతి నిరాకరిస్తే దరఖాస్తుదారు అప్పీలు చేసుకోవచ్చు; మంజూరు చేస్తే పొరుగువానికి అప్పీలు లేదు. ఇంటి వెనుక ఒంటి అంతస్తుగా 6 మీటర్ల వరకు, విడిగా నిలిచిన ఇల్లయితే 8 మీటర్ల వరకు, పెంచుకొనే వెసులుబాటును 2013లో తాత్కాలికంగా కల్పించి, 2019లో శాశ్వతం చేశారు. అందులో పొరుగువారు అభ్యంతరం తెలిపితేనే వారికి కలిగే ఇబ్బందిని కౌన్సిల్ పరిశీలిస్తుంది. ఊరికి వెళ్ళి లేఖ చూడనివాని మౌనం కూడా అంగీకారమే!

అయినా అక్కడ గోడ లేవకముందే ఒక మాట అడుగుతారు. మన పట్టణాలలో ఆ మాట కరవు. తెలంగాణలో 2020 నాటి చట్టం 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణపైనే వెంటనే అనుమతి ఇస్తున్నది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించడం మెచ్చదగినదే. కాని పక్కింటివానికి సంగతి తెలిసేది పిల్లర్లు లేచాకనే. అతడు అర్జీ పట్టుకొని మునిసిపాలిటీకి వెళ్ళి వచ్చేలోగా శ్లాబు పడిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన పథకం అతిక్రమణలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసింది. చీకటి పొరుగువానికి, రుసుము ఖజానాకు దక్కాయి.

1882 నాటి అనుభోగ హక్కుల చట్టం ప్రకారం 20 ఏళ్ళు నిరాటంకంగా అనుభవించిన గాలివెలుతురులపై హక్కు ఏర్పడుతుంది. దానికి సివిల్ కోర్టు మెట్లెక్కాలి. నిన్నమొన్న వెలసిన కాలనీవాసికి ఆ ఇరవై ఏళ్ళు ఎక్కడివి? కనీసం పై అంతస్తు వేసేటప్పుడు, పక్కగోడ వైపు పెంచేటప్పుడు ప్లాను నకలును పొరుగింటికి పంపి, 21 రోజులు ఆగవచ్చు.