విమానాశ్రయ సోదా: గడపకొక న్యాయము

బాన్సువాడ బస్సుస్టాండులో రాత్రివేళ నొక గంట నిలిచి చూచినవారికి మన ప్రాంతపు స్థితి యంతయు కన్నులకు గట్టును. త్రాళ్ళతో బిగించిన పెట్టెలు, వానిపై పెద్ద యక్షరములతో వ్రాసిన పేరును ఊరును, ప్రక్కను కన్నీరు తుడుచుకొను తల్లి, చంకదిగనని మారాము చేయు బిడ్డ. మంజీర పారుచున్నను, నిజాంసాగరము చెంతనే యున్నను, కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల యువకులు పొట్ట చేతబట్టుకొని దుబాయికి, మస్కటునకు, కువైటునకు పోవుచునే యున్నారు. రెండేండ్ల కొకమారు వచ్చి మఱల పోవుదురు. 2008 వఱకు బేగంపేటలోను, తరువాత శంషాబాదులోను విమానాశ్రయపు గడపను పదిమార్లు త్రొక్కినవారు మన పల్లెలలో కలరు. తఱచు ప్రయాణించువారనగా చేతిసంచితో ఢిల్లీకి పోయివచ్చు వర్తకులు మాత్రమే యని తలచువారు వీరినిగూడ లెక్కలోనికి తీసికొనవలెను.

వీరికి ప్రతిమారును ఎదురగు సోదానుగుఱించి నేడు వ్రాయదలచితిమి. ముందుగా నొక మాట. సోదాకు మేము విరోధులము కాము. 1985 జూన్ 23వ తేదీన కనిష్క విమానము ఐర్లండు సమీపమున ఆకాశముననే ప్రేలి 329 మంది మరణించిరి. 1999 డిసెంబరు 24వ తేదీన ఖాట్మండునుండి బయలుదేరిన మన విమానమును ముష్కరులు కాందహారునకు మళ్ళించిరి. ఆ పిమ్మటనే, 2000 సంవత్సరము మొదలుకొని, విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమునకు అప్పగింపబడెను. రాత్రింబవళ్ళు నిలువుకాళ్ళపై పనిచేయు ఆ జవానులు మన బిడ్డలే. వారిపై మాకు కక్ష లేదు. నియమములు చేసి వానిని ప్రజలకు తెలుపనివారితోనే మా వాదము.

మన పల్లెటూరి ప్రయాణికుని సంగతి చూడుడు. కత్తెర చేతిసంచిలో నుండరాదు, అడుగుపెట్టెలో నుండవచ్చును. ఫోనునకు బలమిచ్చు పవరుబ్యాంకు అడుగుపెట్టెలో నుండరాదు, చేతిసంచిలోనే యుండవలెను. రెండింటికిని కారణములు గలవు. ఒకటి ఆయుధము కాగలదు, రెండవది సరకుల యరలో నిప్పంటుకొన్నచో ఆర్పువారుండరు. కాని యీ కారణము వానికి చెప్పినవా డెవ్వడు? టిక్కెట్టు అమ్మిన ఏజెంటు చెప్పడు. టిక్కెట్టుపై నున్న ఆంగ్లపు చిన్నయక్షరములు వానికి పనికిరావు. నాలుగైదు గంటలు ప్రయాణముచేసి, వరుసలో నిలిచి, వెనుకనున్నవారు విసుగుకొనుచుండగా పెట్టె విప్పి, తల్లి కట్టియిచ్చిన మామిడితొక్కు డబ్బా చెత్తబుట్ట పాలగుట చూచినప్పుడే వానికి నియమము తెలియును. క్రిందటిమారు ఇదే డబ్బాను పోనిచ్చిరి గదా యని యడిగిన, 'ఇప్పుడు కాదు' అనుటయే ప్రత్యుత్తరము! బెల్టు ఒకచోట విప్పవలెను, మఱియొకచోట విప్పిన నెందుకని యడుగుదురు. బూట్లు ఒకనాడు కాళ్ళనుండును, ఒకనాడు పళ్ళెమునకెక్కును. దేశ మొకటి, చట్ట మొకటి. ఆచారము మాత్రము గడపగడపకును వేఱు.

కొబ్బరికాయ కథ మఱియు విచిత్రము. ఎండుకొబ్బరి నూనెగల పదార్థ మగుటచే తానై వేడెక్కి మండు వస్తువులలో నొకటిగా అంతర్జాతీయ నియమములందు లెక్కింపబడినది. కొబ్బరికాయను సయితము చేతిసంచిలో రానీయకుండిరి. 2024 అక్టోబరులో, మన తెలుగువాడే యైన విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామమోహననాయుడుగారి కాలమున, శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయను 2025 జనవరి 20 వఱకు యంత్రపరీక్షకును చేతిపరీక్షకును లోబఱచి యనుమతించిరి. భక్తుల కష్టము తొలగినందులకు సంతోషింతుము. కుడుక వేఱు, కాయ వేఱని అధికారు లనవచ్చును, కాదనము. మే మడుగున దొక్కటే. పరీక్షించి పంపిన కాయవలన అపాయము లేనిచో జనవరి 21వ తేదీన నది యెట్లు అపాయకర మగును? దీక్షాకాలమునుబట్టి కాయ గుణము మాఱదు గదా!

అంగవికలుల బాధ యింతకంటె ఘోరము. 1985లో వచ్చిన 'మయూరి' చిత్రమును చూచిన మన పెద్దలకు శ్రీమతి సుధాచంద్రన్‌గారిని పరిచయము చేయ నక్కఱలేదు. కాలుపోయినను కృత్రిమపాదముతో నాట్యమాడి దేశమును మెప్పించిన ఆ విదుషీమణి, విమానాశ్రయమున ప్రతిమారును ఆ పాదము నూడదీయించుచున్నారని 2021 అక్టోబరులో ప్రధానమంత్రికే బహిరంగముగా మొఱపెట్టుకొనవలసి వచ్చెను. భద్రతాదళము క్షమాపణ చెప్పెను. లోకమెఱిగిన నటి కొక క్షమాపణ లభించెను. పనిచోట కాలు పోగొట్టుకొని తిరిగివచ్చు కూలి మొఱ నాలకించువా రెవ్వరు?

ఇక మినహాయింపుల పట్టిక. రాష్ట్రపతి మొదలు ముఖ్యమంత్రులవఱకు పలువురికి సోదాలేదు. ఏ పదవియు లేని యొక పెద్దయింటి అల్లుని పేరు సయితము 2015 వఱకు నందుండెను! ఆ పట్టికలోని వారే యైన మాజీ రాష్ట్రపతి శ్రీ అబ్దుల్ కలాముగారిని 2009లో ఢిల్లీలో ఒక అమెరికా విమానసంస్థ ఉద్యోగులు తడవిచూచినప్పుడు పార్లమెంటు దద్దఱిల్లెను. కలాముగారు మాత్రము మాఱుపలుకక సోదాకు లోబడిరి. అందఱితోబాటు సోదాకు నిలిచినంతమాత్రమున గౌరవము పోదని ఆ మహనీయుడు చూపెను. సోదా అవమానము కాదేని పెద్దలకు మినహాయింపేల? అవమానమే యగునేని కూలికి మాత్ర మేల?

పరదేశముల స్థితియు నిట్లే యున్నదని కొంద ఱందురు. నిజమే. 2006లో లండనునందు బయటపడిన కుట్ర మొదలుకొని నూఱు మిల్లీలీటర్ల ద్రవనియమము లోకమంతట వ్యాపించెను. ఇంగ్లండులో కొన్ని విమానాశ్రయములు క్రొత్త యంత్రములు తెచ్చి యానియమమును సడలించి 2024 జూన్‌లో మఱల బిగించెను. అమెరికావారు 2006 నుండి అందఱిచేత విప్పించిన బూట్లను 2025 జూలైలో చాలించిరి. ఇతరుల తబ్బిబ్బు మన తబ్బిబ్బునకు సమర్థన కానేరదు.

'నియమ మెల్లరకు తెలిసిన దుర్మార్గునకును తెలియును' అని అధికారుల వాదము. ఎవని నెప్పుడు లోతుగా పరీక్షింతురో చెప్పనక్కఱలేదు. అది రహస్యముగనే యుండనిండు. కాని యేవస్తువు తేవచ్చునో యేది తేరాదో రహస్యమైనచో దుర్మార్గున కేమియు నష్టములేదు, నష్టమంతయు అమాయకునిదే.

ఇదియు ఉచితముగా జరుగుట లేదు. 2021 ఏప్రిల్ 1 నుండి భద్రతారుసుము దేశములో ప్రయాణించువానికి 200 రూపాయలుగను, విదేశమునకు పోవువానికి 12 డాలర్లుగను నిర్ణయింపబడెను. రుసుము చెల్లించువాడు బిచ్చగాడు కాడు; నియమము తెలిసికొను హక్కు వానికి గలదు. మఱియు, 2025 జనవరి నుండి హైదరాబాదులో ముందుగా పేరు నమోదుచేసికొన్న ప్రయాణికులకు పాస్‌పోర్టు పరీక్ష శీఘ్రముగా ముగియు మార్గ మొకటి తెఱచిరి. మంచిదే. తఱచు పోవువారి సౌకర్య మాలోచింప ప్రభుత్వమునకు తెలియునన్నమాట! ఆ యాలోచన సోదావరుసకును రావలెను.

మా కోరికలు స్వల్పములు. నిషిద్ధవస్తువుల పట్టికను తెలుగులోను ఉర్దూలోను పెద్దయక్షరములతో అచ్చొత్తించి మండల కార్యాలయములందును, బస్సుస్టాండులందును, ఏజెంట్ల యంగళ్ళయందును అంటింపవలెను. తీసికొన్న ప్రతివస్తువునకును కారణము వ్రాసిన చీటి నీయవలెను. సాగనంపవచ్చిన బంధువులకు దానిని చేర్చు నేర్పాటుండవలెను. కృత్రిమాంగము గలవారికి దేశమంతట చెల్లునట్టి యొకే పత్రము నిచ్చి, చాటుగదిలో గౌరవముగా పరీక్షింపవలెను. మినహాయింపుల పట్టికను రద్దుచేయవలెను.

ఇందులో నేదియు విమానమునకు ముప్పు తెచ్చునది కాదు. ఈలోపల మన పఠనమందిరముల యువకు లూరకుండనేల? పట్టికను తెలుగున వ్రాసి గోడల కంటించుటకు సర్కారు సెలవు అక్కఱలేదు. ఆ తల్లి కట్టియిచ్చిన డబ్బా చెత్తబుట్టకు పోకుండ కాపాడుట స్వల్పకార్యముగా తోచవచ్చును. ఆమెకు మాత్రము కాదు.