గోడలోనుండి దూరిపోయిన బంతి

పిల్లల చేతిలో ఫోను కనబడిన తోడనే దానిని లాగికొనవలెనను తలంపు మనలో పెక్కుమందికి కలుగుచుండును. కన్నులు చెడును, చదువు చెడును అను భయము నిష్కారణమైనది కాదు. అయినను ఇటీవల మేము నాగరకర్నూలు జిల్లా ఉప్పునుంతలలో బంధువుల యింటికి పోయినపుడు చూచిన యొక చిన్న సంగతి, ఆ విషయమున మమ్ము కొంత ఆలోచింపజేసినది.

సాయంకాలము అరుగుమీద ఒక బాలుడు ఫోనులో బంతియాట ఆడుచుండెను. గట్టిగా విసరిన బంతి ఎదుటి గోడకు తగులక, దానిలోనుండియే దూరి యావలికి పోయెను. ప్రక్కన కూర్చున్న అవ్వ, "గోడకు బొక్క లేదు గదరా, బంతి అవుతలికెట్ల వోయె?" అని యడిగెను. ఆమె చిన్ననాట జొన్నచేనిలో మంచె మీద నిలిచి, వడిసెలతో చిలుకలను తోలిన మనిషి. బాలుడు నవ్వి యూరకుండెను. అంట్లు తోముచున్న వాని యక్క, తొమ్మిదవ తరగతి పిల్ల, చేతులు తుడుచుకొని వచ్చి అదే ప్రశ్న యడిగెను. "నీకెందుకే, పని చూసుకో" అని లోపలినుండి కేక వచ్చెను. ఆ పిల్ల ప్రశ్నకు సమాధానమే నేటి మా వ్యాసము.

ఫోనులో బంతియు లేదు, భూమియు లేదు, ఉన్నది లెక్క. పెక్కు ఆటలలో యంత్రము ఒక సెకనును 60 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు బంతి యెచ్చట నుండవలెనో గణించి బొమ్మ వేయును. పడుచున్న వస్తువు వేగమును భూమి ప్రతి సెకనునకు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెంచును. అందులో అరువదవ వంతును యంత్రము ప్రతి బొమ్మకు చేర్చుచుండును. మనము ముగ్గు చుక్కలను కలిపినట్లు, కన్ను ఆ బొమ్మలను కలిపి చలనముగా చూచును.

సెకనుకు 30 మీటర్లు పోవు బంతి, రెండు చుక్కల నడుమ అర మీటరు దూకును. గోడ మందము జానెడే యైనచో, ఒక చుక్క గోడకు ఈవల, తరువాతి చుక్క ఆవల పడవచ్చును. నడుమ నేమి జరిగెనో యంత్రము చూడలేదు. కాబట్టి దాని లెక్కలో బంతి గోడకు తగులనే లేదు. శ్రద్ధగల నిర్మాతలు చుక్కల నడుమ దారిని గూడ పరీక్షించునట్లు లెక్క వ్రాయుదురు.

ఈ విద్య నిన్నటిది కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథం అను శాస్త్రజ్ఞుడు, చూడవచ్చినవారి వినోదమునకై ఒక టెన్నిసు ఆటను చేసెను. అందు వెలుగు చుక్కయే బంతి. అది భూమ్యాకర్షణకు లోబడి వంగి క్రిందికి దిగెడిది. 2009లో ఫిన్లండు దేశమునుండి వచ్చిన యాంగ్రీ బర్డ్స్ ఆటలో పక్షులను ఉండేలుతో విసరుదురు. ఆ పక్షి దారిని లెక్కించునది ఎరిన్ కాటో రచించిన బాక్స్ 2డి యను గణనక్రమము.

వినోదమునకే కాక చదువునకును ఇది పనికివచ్చును. 2001లో నోబెలు బహుమానము పొందిన కార్ల్ వీమన్, 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున 'ఫెట్' అను ప్రయత్నము నారంభించెను. దానిలోని ప్రయోగములు ఉచితము. కొన్ని తెలుగులోను కలవు. ఒకదానిలో ఫిరంగి వాలును మార్చి గుండు ఎంత దూరము పోవునో చూడవచ్చును. గాలి యడ్డును ఉంచవచ్చును, తీసివేయవచ్చును. ప్రయోగశాల లేని బడి పిల్లలకు ఇది గొప్ప యాసరా.

అయితే అన్ని యాటలును ప్రకృతి నియమమును పాటింపవు. వీరుడు మిద్దెపైనుండి దూకి నొప్పి లేక లేచును. గాలిలోనే వెనుకకు తిరుగును. పసివాండ్రు దానిని నిజమనుకొందురేని ప్రమాదము. కావున తల్లి ప్రక్కన కూర్చుండి, "నిజముగా నిట్లే జరుగునా?" అని యడుగవలెను. సమానమైన రెండు కాగితములు తీసికొని, ఒకదానిని ఉండచుట్టి, రెంటిని ఒక్కసారి విడువుడు. బరువొక్కటే యైనను ఉండ ముందు పడును. విప్పిన కాగితమును గాలి యెక్కువగా ఆపును. పిమ్మట ఫెట్‌లో గాలి తీసివేసి చూపుడు.

మరునాడు ఆ పిల్ల ముంగిట చుక్కలు పెట్టి అవ్వకు సంగతి తెలిపెను. అవ్వ విని, "నా వడిసెల రాయి చుక్కలు వెట్టుకుంట పోదు బిడ్డా, నడుమ ఏదున్నా తగులుతది" అనెను. ఆ రెండు మాటలలో నిజమునకును అనుకరణకును గల భేదమంతయు నున్నది.

ఇంట ఫోను ఒక్కటే యున్నచో పిల్లలకు వంతులు వేయుడు. ఆ వంతులలో ఆడుపిల్ల పేరును తప్పక చేర్చుడు. ఆ సమయమున అంట్లపని ఆమె తమ్మునికి అప్పగింపుడు.